ఆర్ (డేటా లెక్కలకూ గ్రాఫులకూ వాడే కంప్యూటర్ భాష, R)లో రోజువారీ వర్షపాతం గ్రాఫ్ గీస్తే తేదీలు గజిబిజిగా వస్తున్నాయి. ఏ ప్యాకేజీ (ఆర్‌కు అదనంగా కలుపుకునే కమాండ్ల కట్ట) వాడాలి?

మీకు కావలసింది ప్యాకేజీ కాదండి. 2015 నుంచి 2023 దాకా డేటా ఉందన్నారు, కింద తేదీలన్నీ ఒకదాని మీద ఒకటి పడి నల్లటి పట్టీలా కనిపిస్తున్నాయన్నారు. అంటే ఆర్ వాటిని తేదీలుగా చూడడం లేదు, ఉత్త అక్షరాలుగా చూస్తోంది. అక్షరాలైతే ప్రతి ఒక్కటీ విడిగా రాస్తుంది. పైగా అక్షర క్రమంలో పేరుస్తుంది కాబట్టి 01-01-2015 పక్కన 01-01-2016 వచ్చి కూర్చుంటుంది. గీత పిచ్చిగా రావడానికి కారణం అదే.

యాజ్ డేట్ (as.Date) కమాండ్‌తో వాటిని తేదీలుగా మార్చండి, ఫార్మాట్, అంటే రోజు, నెల, ఏడాది ఏ వరసలో ఉన్నాయో తప్పకుండా చెప్పండి. చెప్పకపోతే 03-04-2019ని మూడో సంవత్సరం ఏప్రిల్ 20 అని చదువుతుంది, ఎర్రర్ కూడా ఇవ్వదు. ఫార్మాట్‌లో శాతం గుర్తు పక్కన చిన్న ఎం పెడితే నెల, పెద్ద ఎం పెడితే నిమిషాలు. వై మాత్రం పెద్దది పెట్టాలి. చిన్న వై పెడితే 2019లో మొదటి రెండంకెలే తీసుకుని 2020 చేసేస్తుంది, మీ తొమ్మిదేళ్ల వానా ఒకే ఏడాదిలో కురుస్తుంది. ఇది దాటాక, గ్రాఫులు గీసే జీజీప్లాట్ ప్యాకేజీ (ggplot2)లోని స్కేల్ ఎక్స్ డేట్ (scale_x_date)లో డేట్ బ్రేక్స్ (date_breaks) ఆరు నెలలకో ఏడాదికో పెడితే చాలు, లేబుల్స్ చక్కగా వస్తాయి.

కానీ గ్రాఫ్ అందంగా వచ్చింది కదా అని అక్కడితో ఆపకండి.

అనంతపురం జిల్లాలో వాటర్‌షెడ్ పనులు, అంటే వాన నీటిని నిలిపి భూమిలోకి ఇంకించే పనులు చేసే ఒక సంస్థలో ఉండేవాణ్ణి. ఊళ్లలో కొన్ని బోర్లు ఎంచుకుని, నెలకోసారి టేపు వదిలి నీళ్లు ఎన్ని మీటర్ల లోతులో ఉన్నాయో పుస్తకంలో రాసేవాళ్లం. గ్రాఫులు గీసే పని బయట ఒక కన్సల్టెన్సీకి ఇచ్చారు. వాళ్లు పంపిన రంగుల గ్రాఫును ఫ్లెక్సీ వేయించి, రచ్చకట్ట దగ్గర కట్టి రైతులకు వివరించాం. ఆ గ్రాఫులోని బోరు ఒక పెద్దావిడ చేనులోది. ఆమె లేచి వచ్చి, గీత మీద వేలు పెట్టి అడిగింది. "ఎండాకాలంలో మా బోరు ఎండిపాయె గదా సామీ. టేపు వేసి చూసి, నీళ్లు లేవని మీరే రాసుకుంటిరి. మరి ఈ గీత యాడా తెగలేదే?"

ఆఫీసుకు వెళ్లి పుస్తకాన్నీ వాళ్ల ఫైలునూ పక్కపక్కన పెట్టి చూశాను. పుస్తకంలో మే, జూన్ గళ్లలో అంకె లేదు, "డ్రై" అని ఉంది. అలాంటి మాట ఒక్కటి ఉంటే చాలు, ఆర్ ఆ కాలమ్ మొత్తాన్నీ అక్షరాలుగా తీసుకుంటుంది. గ్రాఫ్ గీసినవాళ్లు ఆ ఇబ్బంది పోవాలని ఆ వరసలే తీసేశారు. ఏప్రిల్ చుక్క నుంచి జూలై చుక్కకు తిన్నగా గీత పడింది. ఆ ఏడాది ఆ ఇంటికి అన్నిటికన్నా కష్టమైన రెండు నెలలు గ్రాఫులో లేకుండా పోయాయి. నాకు ఇప్పటికీ కోపం వస్తుంది. బోరు ఎండిపోవడం కన్నా ముఖ్యమైన సమాచారం ఆ డేటాలో ఇంకేముంది?

అదీ కాక లోతు అంకెలు పైకి పెరిగేలా పెట్టారు. నీళ్లు అడుగంటే కొద్దీ గీత పైకి లేస్తుంటే, చూసేవాళ్లు నీళ్లు పెరిగాయనే అనుకుంటారు. అక్కడున్నవాళ్లు అలాగే అనుకున్నారు. నిలువు కొలతను తలకిందులు చేసే స్కేల్ వై రివర్స్ (scale_y_reverse) అని ఒక్క ముక్క కలిపితే సరిపోయేది.

తర్వాత మేమే గీశాం. టైడీఆర్ (tidyr) ప్యాకేజీలోని కంప్లీట్ (complete) కమాండ్‌తో మొదటి నెల నుంచి చివరి నెల దాకా అన్ని నెలలకూ వరసలు తెప్పిస్తే, కొలత లేని చోట ఎన్ఏ (NA, అంటే విలువ లేదని ఆర్ పెట్టే గుర్తు) వస్తుంది, గీత అక్కడ తెగుతుంది. బోరు ఎండిందా, మనిషి కొలవడానికి వెళ్లలేదా అనేది వేరే కాలమ్‌లో పెట్టాం. ఎండిన నెలల్లో బోరు అడుగు లోతు దగ్గర ఎర్ర గుర్తు వేశాం. ఏడాదిని జూన్ నుంచి మొదలుపెట్టాం, ఎందుకంటే నీటి లెక్కకు జూన్ నుంచి మే దాకానే ఒక సంవత్సరం. జనవరి దగ్గర కోస్తే, వానలకు నిండి ఎండలకు తగ్గే ఆ వరస మధ్యలో తెగిపోతుంది.

ఖాళీలను మాయం చేసే ఈ జబ్బు ట్యుటోరియల్స్‌తోనే మొదలవుతుందని నా గట్టి నమ్మకం. ఎక్కడ చూసినా ఎయిర్‌ప్యాసింజర్స్ (AirPassengers) డేటానే, ఆర్‌తో పాటే వచ్చే నెలవారీ విమాన ప్రయాణికుల లెక్క. 1949 నుంచి 1960 దాకా 144 నెలలు, ఒక్క నెల కూడా ఖాళీ లేదు. దానితో నేర్చుకున్నవాళ్లకు ఖాళీ కనిపిస్తే చెత్తలా అనిపిస్తుంది, వెంటనే తుడిచేస్తారు. లేదా జూ (zoo) ప్యాకేజీలో ఖాళీలను అంచనాతో నింపే ఎన్ఏ అప్రాక్స్ (na.approx) కొట్టి, కొలవని అంకెలు పుట్టిస్తారు. మన డేటా అలా ఉండదండి.

మీ వర్షపాతం విషయానికొస్తే, గీత వద్దు, కడ్డీలు వాడండి. కాకపోతే కడ్డీల్లో ఇంకో చిక్కుంది. రీడింగ్ లేని రోజు కూడా వాన పడని రోజులాగే ఖాళీగా కనిపిస్తుంది. ఆ రోజుల వెనక బూడిద రంగు పట్టీ వేయండి, సున్నా మాత్రం నింపకండి. వాతావరణ శాఖ లెక్కలో ఒక తేదీ కింద రాసే వాన, ఆ ఉదయం 8:30తో ముగిసిన 24 గంటలది. మీ దగ్గర గంటల వారీ రీడింగులు ఉండి, వాటిని రోజులుగా కలపాలంటే ఇది గుర్తుంచుకోవాలి. టైమ్ జోన్ చెప్పకుండా యాజ్ డేట్ వాడితే, పాత ఆర్ వెర్షన్లు గ్రీనిచ్ సమయం లెక్కన చూస్తాయి కాబట్టి తెల్లవారుజామున 5:30 లోపు పడ్డ వాన ముందు రోజు ఖాతాలోకి పోతుంది.

లేబుల్స్ తెలుగులో కావాలంటే ఫైలును రాగ్ (ragg) ప్యాకేజీతో సేవ్ చేయండి, ఒత్తులు విడిపోకుండా వస్తాయి. అంతకన్నా ముందు తేదీ కాలమ్ మీద క్లాస్ (class, అది తేదీయా అక్షరాలా అని చెప్పే కమాండ్) అని కొట్టి, ఏం వచ్చిందో కింద కామెంట్‌లో రాయండి. మొదటి ఐదారు వరసలు కూడా పెడితే ఏ ఫార్మాట్ ఇవ్వాలో చెప్తాను.