హార్లెమ్ స్టేషన్‌లో రెండు ఛార్జీలు పడితే

నెదర్లాండ్స్‌లో ఒకే రైలు ప్రయాణానికి రెండు ఛార్జీలు ఎందుకు పడ్డాయని అడిగారు కదా. మీరు ఆమ్‌స్టర్‌డామ్ స్టేషన్‌లో టికెట్ మెషీన్‌కు ఫోన్ ఆనించి రైలెక్కారు, హార్లెమ్‌లో దిగి అదే బ్యాంకు ప్లాస్టిక్ కార్డు ఆనించారు. తేడా అక్కడే వచ్చిందండీ. ఖాతా ఒకటే అయినా ఫోన్‌లోని కార్డుకు నంబరు వేరు. దాంతో ఫోన్ ప్రయాణం ముగియలేదు, కార్డు మీద కొత్త ప్రయాణం మొదలైంది. అందుకే రెండింటికీ విడివిడిగా ఛార్జీ పడింది. బ్యాంకు స్టేట్‌మెంట్‌లో ఎన్‌ఎల్‌ఓవీతో మొదలయ్యే కోడ్ ఉంటుంది. ఆ కోడ్‌తో ఓవీపేలో (అక్కడ బ్యాంకు కార్డు, ఫోన్‌లతో ప్రయాణ ఛార్జీ కట్టే వ్యవస్థ) రెండు లావాదేవీలూ వెతికి, చెక్ అవుట్ (దిగేటప్పుడు ఆనించడం) సరిచేయమని విడివిడిగా అడగండి. ఇకపై ఎక్కేటప్పుడు ఏది ఆనిస్తే దిగేటప్పుడూ అదే.

అన్నట్టు, నెదర్లాండ్స్‌లో తొలి రైలు 1839లో నడిచింది మీరు వెళ్లిన ఈ దారిలోనే! 1908లో పూర్తయిన హార్లెమ్ స్టేషన్ ఆర్ట్ నూవో అనే అలంకార శైలి కట్టడం. ఈసారి వెళ్తే ఆ రంగుల టైల్స్, చెక్కపని ఆగి చూడండి.