మల్లె కోసం హీటర్ పెంచకు

చిన్నీ,

మీ షికాగో ఇంట్లో కుండీలో పెట్టుకున్న మల్లె మొక్క ఫోటో చూశాను. అడుగు ఆకులు పండి రాలిపోతున్నాయని, మొక్కకు చలి పెడుతోందేమోనని ఇంటి వేడిని నడిపే థర్మోస్టాట్‌ను 76 ఫారెన్‌హీట్‌కి పెట్టావని, గ్యాస్ బిల్లు చూసి అల్లుడుగారు గొణుగుతున్నారని రాశావు. ఈసారికి నా ఓటు అల్లుడుగారికే. మళ్లీ 68కి దించెయ్.

మల్లె అనగానే మనకు మే నెల గుర్తొస్తుంది. అందుకే దానికి ఏడాది పొడుగునా ఉక్కబోత కావాలనుకుంటాం. కానీ మన ఊళ్లో మాత్రం అది చలికాలంలో ఎక్కడ పూసేది? మైలవరం వైపు తోటల్లో రైతులు చలికాలంలో నీళ్లు తగ్గించి, కొమ్మలు కత్తిరించి, మొక్కను ఎండగట్టి వదిలేస్తారు. ఎండ ముదిరే కొద్దీ కొత్త చిగుళ్లు వస్తాయి, ఆ చిగుళ్ల కొసలకే మొగ్గ తొడుగుతుంది. అక్కడ రైతు పనిగట్టుకుని ఇచ్చే విశ్రాంతి ఇక్కడ నీకు ఊరికే దొరుకుతోంది. దాన్ని హీటర్‌తో చెడగొట్టుకోవడం దేనికి?

పైగా షికాగోలో డిసెంబరు పగలు తొమ్మిది గంటలు. అందులో సగం మబ్బే. వెలుతురు లేకుండా వెచ్చగా ఉంచావనుకో, పిల్లాడిని పరిగెత్తమని అన్నం పెట్టనట్టే. సన్నగా, పాలిపోయిన కొమ్మలు బారెడు సాగుతాయి, వాటికి పూత రాదు. పగలు 65-68, రాత్రి 55-60 ఉంటే దానికి సుఖంగా ఉంటుంది. మన సెల్సియస్ లెక్కలో పగలు 18-20 డిగ్రీలు, రాత్రి 13-16. రాత్రి 50 కన్నా, అంటే పది డిగ్రీల కన్నా దిగనివ్వకు. అంతే.

అయితే ఈ అంకెలు థర్మోస్టాట్ మీద చూసేవి కావు. థర్మోస్టాట్ ఉండేది హాల్లో గోడకు, దానికి తెలిసేది ఆ గోడ సంగతే. పది డాలర్లు పెట్టి చిన్న థర్మామీటర్ ఒకటి కొని కుండీ అంచునే పెట్టు. రాత్రి పడుకోబోయే ముందు ఒకసారి, తెల్లవారుజామున లేస్తే ఇంకోసారి చూడు. మా ఇంట్లో ఒక జనవరి రాత్రి హాల్లో 68 చూపిస్తుంటే కిటికీ గట్టు మీద 47 ఉంది. కారణం ఏంటనుకున్నావు? కర్టెన్! పొద్దుపోగానే కర్టెన్ లాగేదాన్ని. మొక్క కర్టెన్‌కీ అద్దానికీ మధ్య చిక్కుకునేది. ఇంట్లో వేడి అటు పోదు, అద్దం చల్లదనం ఇటు రాదు, మొత్తం మల్లె మీదే. నేను మాత్రం ఇవతల శాలువా కప్పుకుని మొక్కకు వెచ్చగానే ఉందనుకునేదాన్ని. కర్టెన్ ఎప్పుడూ మొక్కకూ అద్దానికీ మధ్యలో పడాలి. కుదరకపోతే రాత్రిపూట కుండీని ఒక అడుగు లోపలికి జరుపు. ఆకు మాత్రం అద్దానికి తగలకూడదు, తగిలిన చోట నల్లబడుతుంది.

నీ ఫోటోలో నాకు నచ్చనిది ఇంకొకటి ఉంది. కుండీ పక్కన నేల మీద వేడి గాలి వచ్చే హీటర్ జాలీ కనిపిస్తోంది. ఇక్కడ ఇళ్లు కట్టేవాళ్లు దాన్ని సరిగ్గా కిటికీ కిందే పెడతారు, మనం మొక్క పెట్టేదీ అక్కడే. ఆ పొడి గాలి నేరుగా తగిలితే ఆకు అంచులు అప్పడంలా అవుతాయి, ఉన్న రెండు మొగ్గలూ ఎండి రాలిపోతాయి. గాలిని పక్కకు మళ్లించే ప్లాస్టిక్ మూత హార్డ్‌వేర్ షాపుల్లో దొరుకుతుంది, అయస్కాంతంతో అతుక్కుంటుంది. అది పెట్టు, లేదా మొక్కను నాలుగడుగులు జరుపు. గాలికి తేమ రావడానికి పళ్లెంలో గులకరాళ్లు, నీళ్లు పోసి కుండీ పెట్టమని అందరూ చెబుతారు. నేనూ చాలా ఏళ్లు పెట్టాను, పెద్ద తేడా కనిపించలేదు. గాలిలో తేమ పెంచే హ్యూమిడిఫయర్ ఉంటే ఆ గదిలో వేసుకో, మీ ముక్కులకూ మంచిదే.

వేడీ పొడీ కలిస్తే వచ్చేది ఎర్రనల్లి పురుగు. ఆకు వెనక సన్నటి దుమ్ములా ఉంటుంది, ముదిరితే సాలెగూడులా బూజు కడుతుంది. వారానికోసారి కుండీని బాత్‌టబ్‌లో పెట్టి షవర్‌తో ఆకుల అడుగు కడిగెయ్. చాలావరకు మందు అవసరం రాదు.

నీళ్ల విషయం. చల్లగా ఉన్నప్పుడు మొక్క తక్కువ తాగుతుంది. మట్టిలో వేలు రెండు అంగుళాలు దింపి, పొడిగా ఉంటేనే పొయ్యి. ఇక్కడ చలికాలం కుళాయి నీళ్లు వేళ్లు కొంకర్లు పోయేలా ఉంటాయి, నీకే కాదు, మొక్కకూ. గోరువెచ్చగా పట్టి పొయ్యి. ఎరువు మార్చి దాకా వద్దు.

ఆకులు రాలడం గురించి నువ్వు పెద్ద టెన్షన్ పడకు. బయటి నుంచి లోపలికి తెచ్చిన మొక్క నెలా రెండు నెలలు అలిగి ఆకులు రాలుస్తుంది. కొమ్మ బతికే ఉందా లేదా అన్నదే చూడాలి. గోటితో బెరడు కొంచెం గీకు. లోపల పచ్చగా ఉంటే బతికున్నట్టు.

ఈ గీకి చూడడం తెలియకే నేను మొదటి మొక్కను చంపుకున్నాను. న్యూజెర్సీలో ఈ ఎడిసన్ ఊరికి వచ్చిన తొలి ఏడు అది. అక్టోబరులో పగలు ఎండ బాగా కాస్తోందని కుండీని ఇంటి బయట డెక్ మీదే ఉంచాను. ఒక రాత్రి మంచు గడ్డకట్టింది. పొద్దున చూస్తే ఆకులన్నీ ఉడికిన తోటకూరలా నల్లగా వేలాడుతున్నాయి. ఏడ్చి, కుండీతో సహా చెత్తలో పడేశాను. అడుగున ప్రాణం ఉండే ఉంటుందని, జానెడు ఎత్తుకు కత్తిరించి లోపల పెడితే చిగురించేదేమోనని తర్వాత తెలిసింది. అందుకే వచ్చే ఏడు పగటి ఎండ చూసి మోసపోకు. సెప్టెంబరులో రాత్రులు 55కి దిగుతున్నాయని ఫోన్‌లో కనిపించగానే లోపలికి తెచ్చేసుకో.

మార్చిలో పగలు పొడవయ్యాక కొమ్మల్ని మూడో వంతు కత్తిరించు. చేతులు ఆడవని నాకు తెలుసు, అయినా కత్తిరించు. బయట పెట్టడానికి మాత్రం మే రెండో ఆదివారం, మదర్స్ డే దాకా ఆగు, మీ ఊళ్లో ఏప్రిల్ ఎండను నమ్మలేం. బయటికి తెచ్చిన మొదటి వారం నీడలో ఉంచి తర్వాత ఎండలోకి జరుపు. ఎండాకాలం 90 దాటినా దానికి పండగే, నీళ్లు మాత్రం రోజూ చూసుకో.

ఇవాళ రాత్రికి కర్టెన్, హీటర్ జాలీ సంగతి చూడు. రేపు పొద్దున ఒక ఆకు వెనక్కి తిప్పి దగ్గర నుంచి ఫోటో తీసి పంపు. నువ్వు పంపిన ఫోటోలో మొక్క కన్నా సోఫా బాగా కనిపిస్తోంది.

మీ పెద్దమ్మ