అమెరికాలో రిటైర్మెంట్‌కి పన్ను లేని రాష్ట్రం వెతికేవాళ్లకి నా అనుభవం

“నాన్నకి 66, అమ్మకి డ్రైవింగ్ రాదు. న్యూజెర్సీలో ఇంటి పన్ను భరించలేకపోతున్నాం. టెక్సాస్, ఫ్లోరిడా, టెన్నెస్సీ - వీటిలో రిటైర్మెంట్‌కి ఏది మేలు?” అని అడిగారు. నన్నడిగితే ఆ మూడూ వద్దు, పెన్సిల్వేనియా చూడండి అంటాను.

మేమూ సరిగ్గా మీలాగే మొదలుపెట్టాం. న్యూజెర్సీలోనే ఎడిసన్ దగ్గర ఇరవై ఏళ్లు పైన ఉన్నాం. 2022లో నేను ఉద్యోగం వదిలేద్దామని అనుకునేసరికి మా ఇంటి పన్ను 12,400 డాలర్లకి చేరింది. లోను తీరిపోయిన ఇంట్లో నెలకి వెయ్యి డాలర్ల పైన అద్దె కట్టుకున్నట్టే. అప్పట్లో మా వాట్సాప్ గ్రూపుల్లో టెక్సాస్, ఫ్లోరిడా, టెన్నెస్సీ లాంటి రాష్ట్ర ఆదాయపు పన్ను లేని రాష్ట్రాల లిస్టు ఒకటి తిరిగేది. ఇప్పటికీ తిరుగుతోంది. దాన్ని పంపేవాళ్లంతా నలభైల్లో ఉండి నెలనెలా జీతం తీసుకునేవాళ్లే. వాళ్లకి అది పనికొస్తుంది. జీతం ఆగిపోయినవాళ్ల లెక్క వేరు, దాని గురించి మాత్రం ఎవరూ ఒక్క మెసేజ్ పెట్టరు.

ఆ జులైలో డల్లాస్ పక్కన ఫ్రిస్కోలో మా తోడల్లుడి ఇంట్లో మూడు వారాలు ఉన్నాం. ఆయన అరవై ఎనిమిదో ఏట షికాగో నుంచి అక్కడికి మారాడు. ఒక ఆదివారం కాఫీ తాగుతుంటే సొరుగులోంచి ఇంటి పన్ను కాగితం తెచ్చి నా ముందు పెట్టాడు. కౌంటీ, సిటీ, స్కూలు, కాలేజీ అని వరసలు, కింద మొత్తం 9,800. సగానికి పైగా స్కూలుదే. 65 దాటితే స్కూలు పన్ను పెరగకుండా ఆపుతారు, నిజమే. కానీ ఆయన కొన్నదే ఇళ్ల ధరలు మండిపోతున్నప్పుడు, అందుకని ఆ ఎత్తు మీదే ఆగింది. టెక్సాస్ వాళ్లు ఈమధ్య మినహాయింపు బాగా పెంచారు. 2025 నవంబర్ ఓటింగ్ తర్వాత 65 దాటినవాళ్ల ఇంటి విలువలో 2 లక్షల డాలర్ల మీద స్కూలు పన్ను లేదు. కాబట్టి ఇప్పుడు కొనేవాళ్లకి అంత భారం ఉండకపోవచ్చు. మమ్మల్ని వెనక్కి లాగింది కూడా ఆ కాగితం కాదు.

మా ఆవిడకి లైసెన్స్ ఉంది కానీ, 2015లో 287 హైవే మీద యాక్సిడెంట్ అయ్యాక మళ్లీ స్టీరింగ్ ముట్టుకోలేదు. ఎడిసన్‌లో ఓక్ ట్రీ రోడ్డుకి నడిచి వెళ్లి కూరలు తెచ్చుకునేది, అందుకని ఆ లోటు మాకు తెలియలేదు. ఫ్రిస్కోలో రెండో వారం ఒకరోజు నేనూ తోడల్లుడూ బ్యాంకు పని మీద వెళ్లాం. పులిహోరలోకి కరివేపాకు లేదని తను ఒక్కతే బయల్దేరింది. ఇండియన్ షాపు మైలున్నర దూరం. ఉదయం పదకొండుకే 103 డిగ్రీల ఫారెన్‌హీట్. ఆరు లేన్ల రోడ్డు, పక్కనంతా కాలనీల ప్రహరీ గోడలు. ఎక్కడా చెట్టు నీడ లేదు, కూర్చోడానికి బెంచీ లేదు. సగం దారిలో కళ్లు తిరిగి సిగ్నల్ స్తంభం పట్టుకుని నిలబడిపోతే, ఎవరో మెక్సికన్ ఆవిడ ట్రక్కు ఆపి, మంచినీళ్లిచ్చి, ఇంటి దగ్గర దింపి వెళ్లిందట. మేం వచ్చేసరికి నెత్తిన తడి తువ్వాలుతో సోఫాలో పడుకుని ఉంది. చెప్పులు కూడా విప్పలేదు.

ఆ రాత్రి నాతో ఒకే మాట అంది. “మళ్లీ హెచ్‌4 రోజులొచ్చినట్టుందండీ. మీరెప్పుడొస్తారా అని కిటికీ దగ్గర కూర్చోవాలా నేను?”

1998లో హెచ్‌4 మీద, అంటే నా ఉద్యోగ వీసాకి అనుబంధంగా ఇచ్చే, పని చేసే వీల్లేని వీసా మీద వచ్చిన కొత్తలో తను రెండేళ్లు అలాగే కూర్చుంది. నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి పార్కింగ్‌లోకి తిరిగే ప్రతి కారునీ చూస్తూ ఉండేది. ఆ మాట విన్నాక నాకు నిద్రపట్టలేదు. టెక్సాస్ ఆలోచన అక్కడితో వదిలేశాను.

ఫ్లోరిడాలో ఇంటి ఇన్సూరెన్స్ ఎంతో అక్కడున్నవాళ్లనే అడగండి, తుఫాన్ల దెబ్బకి ఆదాయపు పన్నులో మిగిలింది అటు పోతుంది. టెన్నెస్సీలో సేల్స్ టాక్స్ కొన్నిచోట్ల 9.75 శాతం, బియ్యం పప్పుల మీద కూడా పన్ను ఉంది.

ఇక పెన్సిల్వేనియా. ఇక్కడ ఆదాయపు పన్ను 3.07 శాతం ఉంది కాబట్టి వాట్సాప్ లిస్టులో దీని పేరు కనపడదు. కానీ రిటైరయ్యాక ప్రభుత్వమిచ్చే సోషల్ సెక్యూరిటీ మీద, పెన్షన్ మీద, 59న్నర దాటాక 401కె, ఐఆర్ఏ అనే రిటైర్మెంట్ పొదుపు ఖాతాల నుంచి తీసుకునే డబ్బు మీద రాష్ట్ర పన్ను లేదు. వయసు రాకముందే తీస్తే మాత్రం పడుతుంది. నేను ఏడాదికి 60 వేలు తీస్తాను, దాని మీద రాష్ట్రానికి కట్టేది సున్నా. ఇల్లినాయి, మిసిసిపీ, అయోవా కూడా ఇలాంటివే. కిరాణా మీద, బట్టల మీద సేల్స్ టాక్స్ లేదు. పిట్స్‌బర్గ్ పక్కన మన్రోవిల్‌లో 2 లక్షల 30 వేలకి ఇల్లు దొరికింది, ఇంటి పన్ను 5,800. శాతంలో చూస్తే ఇది తక్కువేమీ కాదు, ఇల్లు చవక కాబట్టి కట్టగలుగుతున్నాం. 1976 నుంచి ఉన్న వెంకటేశ్వరస్వామి గుడి పక్క ఊరు పెన్ హిల్స్‌లో కొండ మీదే.

మమ్మల్ని ఇక్కడ నిలబెట్టింది మాత్రం ఒక కార్డు. 65 దాటినవాళ్లకి ఈ రాష్ట్రంలో సిటీ బస్సులు ఉచితం, ఆ డబ్బు లాటరీ ఆదాయంలోంచి ఇస్తారు. మా ఆవిడ ఫోటో ఉన్న ఆ కార్డుని తాళిబొట్టుతో సమానంగా చూసుకుంటుంది. గురువారం గురువారం ఒక్కతే బస్సెక్కి డౌన్‌టౌన్ వెళ్లి, లైబ్రరీలో కూర్చుని, సాయంత్రానికి వస్తుంది. గుడికి బస్సు లేదు కానీ, ముందురోజు ఫోన్ చేస్తే తక్కువ ఛార్జీకి వ్యాన్ ఇంటికొస్తుంది. 2025లో ఈ బస్సుల్లో మూడో వంతు తీసేస్తామన్నారు. తను నిజంగా ఏడ్చింది. అప్పటికి ఆగింది గానీ ఆ టెన్షన్ మాకు ఇంకా ఉంది. ముసలివాళ్ల బస్సుల మీదే ఎందుకు పడతారో నాకు అర్థం కాదు.

కష్టాలూ చెప్పాలి. ఫిబ్రవరిలో మంచు తీయించాలి, ఎండ మొహం చూడని వారాలుంటాయి. మనం పోయాక పిల్లలకి వెళ్లే ఆస్తిలో 4.5 శాతం రాష్ట్రం తీసుకుంటుంది. మా అబ్బాయి అది పట్టుకుని చాలా వాదించాడు. మీ అమ్మ ఇప్పుడు బాగుండటం ముఖ్యమా, అప్పటి నాలుగున్నర శాతమా అని అడిగాను.

మీ నాన్నగారికి రెండు మాటలు చెప్పండి. 1996 నుంచి ఫెడరల్ చట్టం ఉంది, రాష్ట్రం మారిపోయాక పాత రాష్ట్రం మన 401కె మీద పన్ను వేయడానికి వీల్లేదు, దాని గురించి భయం వద్దు. 65 దాటినవాళ్ల ఆరోగ్య బీమా మెడికేర్‌ని ప్రైవేటు కంపెనీ ద్వారా ఇచ్చే మెడికేర్ అడ్వాంటేజ్ ప్లాన్ ఉంటే అది కౌంటీని బట్టి ఉంటుంది, మారిన రెండు నెలల్లోపు కొత్తది తీసుకోవాలి. నేను ఆలస్యం చేసి ఇబ్బంది పడబోయి తప్పించుకున్నాను.

మీ ప్రశ్నలో అమ్మకి డ్రైవింగ్ రాదన్న సంగతి ఒక్క ముక్కలో తేల్చేశారు. ఏ ఊరు అనుకున్నా ఇల్లు కొనకముందు అక్కడ రెండు వారాలు అద్దెకి దిగండి. నాన్నగారి కారు తాళాలు మీ దగ్గర పెట్టుకుని, ఆవిడని ఒక్కర్తినే కరివేపాకు తెచ్చుకోమనండి.