ఒకరి పాట, ఇంకొకరి గొంతు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

కిందటి సంచికలో అమెరికా గాయకులు పాల్ సైమన్, ఆర్ట్ గార్ఫంకెల్ జోడీ కలిసి చేసిన చివరి స్టూడియో ఆల్బమ్ 'బ్రిడ్జ్ ఓవర్ ట్రబుల్డ్ వాటర్' గురించి నాలుగు మాటలు రాశాము. 1970 జనవరిలో కొలంబియా సంస్థ విడుదల చేసిన ఆ రికార్డు మీద వచ్చిన ఉత్తరాల్లో కొన్నింటికి ఈసారి జవాబులు ఇస్తున్నాము.

ప్రశ్న: మా మేనమామ దాచిన పాత రికార్డుల్లో ఈ ఎల్‌పీ దొరికింది. అట్ట మీద ఇద్దరూ ఉన్నారు గాని, మొదటి పాటలో రెండు చరణాల దాకా ఒక్క గొంతే వినిపిస్తుంది. రెండో ఆయన ఏమయ్యారు? ఇంత పేరు తెచ్చిన రికార్డు తర్వాత వాళ్లు ఎందుకు విడిపోయారు?
– ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: ఆల్బమ్ పేరే పేరుగా ఉన్న ఆ మొదటి పాటలో మీరు విన్న గొంతు గార్ఫంకెల్‌ది. పాట రాసి బాణీ కట్టినది సైమన్. అప్పట్లో ఆయన స్వాన్ సిల్వర్‌టోన్స్ అనే నల్లజాతి భక్తిగీతాల బృందం రికార్డులను అదే పనిగా వినేవారు. వారి ప్రధాన గాయకుడు క్లాడ్ జీటర్ ఒక పాట మధ్యలో, నన్ను నమ్మితే లోతైన నీటి మీద నీకు వంతెననవుతాను అనే అర్థం వచ్చే మాట అంటారు. సైమన్ పాట ఆ ఒక్క మాట నుంచి మొలిచింది. రాయడం పూర్తయ్యాక అది గార్ఫంకెల్ గొంతుకే తగినదని ఆయనకు తోచింది. నువ్వే పాడు, బాగుంటుంది అని గార్ఫంకెల్ వెనక్కి తగ్గినా, సైమన్ ఒప్పుకోకుండా పాటను ఆయన చేతిలో పెట్టారు.

గిటార్ మీద పుట్టిన ఆ పాటను పియానోకు మార్చే పని లాస్ ఏంజెలెస్‌లో లారీ నెక్టెల్ అనే వాద్యకారుడికి అప్పగించారు. ఆయన శ్రుతి మార్చి, చర్చిలో భక్తిగీతాలకు వాయించే తీరులో దాన్ని మలిచారు. మొదట ఉన్నవి రెండే చరణాలు. పాట ఇంకా పెద్దదిగా ఎదగాలని గార్ఫంకెల్, రికార్డింగ్ ఇంజనీరూ సహనిర్మాతా అయిన రాయ్ హేలీ కోరడంతో సైమన్ స్టూడియోలోనే మూడో చరణం రాశారు. ఆ చరణంలో ఆయన పిలిచే 'వెండి పిల్ల' తర్వాత ఆయన భార్య అయిన పెగ్గీ హార్పర్. తన తలలో ఒకటి రెండు నెరిసిన వెంట్రుకలు చూసుకుని ఆమె దిగులుపడిన సంగతి అందులోకి వచ్చి చేరింది. మూడో చరణం మొదటి రెండింటితో సరిగా అతకలేదని సైమన్ తర్వాతి కాలంలో అన్నారు. ఆయన పాట గురించి ఆయనతోనే విభేదించడం సాహసమే అయినా, నాకు మాత్రం ఆ చరణమే ప్రాణం. ఎందుకంటే అప్పటివరకు మౌనంగా ఉన్న సైమన్ గొంతు అక్కడ మొదటిసారి వచ్చి స్నేహితుడి గొంతు పక్కన నిలుస్తుంది. మీరు వెతుకుతున్న రెండో ఆయన అక్కడ ఉన్నారు.

ఇక విడిపోవడం. దానికి ఏదో ఒక్క సంఘటన కారణమని చెప్పలేము. న్యూయార్క్‌లోని క్వీన్స్‌లో పక్కపక్క వీధుల పిల్లలుగా, బడిలో వేసిన ఒక నాటకంలో ఒకరు కుందేలుగా, ఇంకొకరు పిల్లిగా కలుసుకున్న స్నేహం వారిది. 'టామ్ అండ్ జెర్రీ' అనే పేరుతో 1957లో మొదటి రికార్డు ఇచ్చేనాటికి ఇద్దరికీ పదహారేళ్లు. అంత చిన్నప్పటి నుంచి ఒకరి ఊపిరి ఒకరు ఎరిగి పాడినవారు ఈ చివరి ఆల్బమ్ నాటికి నెలల తరబడి వేర్వేరు చోట్ల గడిపారు. మైక్ నికల్స్ తీస్తున్న 'క్యాచ్-22' సినిమాలో ఇద్దరికీ వేషాలు అనుకున్నా, సైమన్ పాత్రను కథలోంచి తీసేశారు. గార్ఫంకెల్ చిత్రీకరణ కోసం మెక్సికో వెళ్లిపోతే, సైమన్ పాటలు రాసుకుంటూ న్యూయార్క్‌లో ఉండిపోయారు. ఆల్బమ్‌లో పెట్టాలనుకున్న పన్నెండో పాట దగ్గర పట్టుదలలు ముదిరాయి. అప్పటి అధ్యక్షుడు నిక్సన్ మీద సైమన్ రాసిన రాజకీయ గీతాన్ని పాడడానికి గార్ఫంకెల్ ఒప్పుకోలేదు, గార్ఫంకెల్ కోరిన జర్మన్ స్వరకర్త బాఖ్ కీర్తనకు సైమన్ ఒప్పుకోలేదు. చివరికి రికార్డు పదకొండు పాటలతోనే బయటికి వచ్చింది.

మీ ఎల్‌పీ మొదటి వైపు చివర ఉన్న 'సో లాంగ్, ఫ్రాంక్ లాయిడ్ రైట్' ఒకసారి వినండి. గార్ఫంకెల్ కొలంబియా విశ్వవిద్యాలయంలో కొంతకాలం వాస్తుశిల్పం చదివారు. రైట్ అనే గొప్ప వాస్తుశిల్పి మీద ఒక పాట రాయమని ఆయనే అడిగారు. రైట్ గురించి పెద్దగా ఏమీ తెలియని సైమన్, రాత్రంతా కలిసి గొంతులు కలిపిన రోజులను తలుచుకుంటూ స్నేహితుడికి వీడ్కోలు రాసి, దాన్ని ఆ స్నేహితుడి చేతే పాడించారు. పాట సన్నగిల్లిపోయే చోట వెనక నుంచి గార్ఫంకెల్ పేరు పెట్టి వీడ్కోలు చెప్పే ఒక కేక చిన్నగా వినిపిస్తుంది. పాత సూది అయినా సరే, చెవి దగ్గరగా పెడితే దొరుకుతుంది.

ప్రశ్న: ఒకరు రాస్తారు, ఇంకొకరు పాడతారు. మన సినిమా పాటల్లో ఇది నిత్యం జరిగేదే కదా. 'బ్రిడ్జ్' పాటను గార్ఫంకెల్ పాడినందుకు సైమన్ తర్వాత బాధపడ్డారంటారు, ఎందుకు?
– ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: మంచి ప్రశ్న. మన దగ్గర సాహిత్యం, సంగీతం, గానం అని మూడు పేర్లు విడివిడిగా వేస్తారు. అట్ట వెనక్కి తిప్పితే ఎవరి వాటా ఎంతో తెలిసిపోతుంది. ఈ జోడీ పాటలకూ రచయితగా సైమన్ పేరు చిన్న అక్షరాల్లో ఉండేది. కాని జనం నోట పలికేది జంట పేరే, వేదిక మీద కనిపించేది ఇద్దరు మనుషులే. గార్ఫంకెల్ ఒక్కరే ఆ పాట పాడుతుంటే, వేదిక పక్కన నిలబడి చప్పట్ల హోరు వింటూ, అది నా పాట కదా అని మనసులో అనుకునేవాడినని సైమన్ 1972లో ఒక ఇంటర్వ్యూలో దాచకుండా చెప్పారు. అలా అనుకున్నందుకు ఆయన్ని చిన్నబుచ్చడం న్యాయం కాదు. తన అతి మంచి పాటను చేతులారా ఇచ్చిన మనిషికి కూడా ఆ ఇచ్చిన చేయి ఒక్కోసారి నొప్పి పెడుతుంది.

ఆ పాట అమెరికాలో ఆరు వారాలు, ఆల్బమ్ పది వారాలు మొదటి స్థానంలో ఉన్నాయి. 1971 గ్రామీ పురస్కారాల్లో ఏటి మేటి ఆల్బమ్, ఏటి మేటి పాట రెండూ వీటికే దక్కాయి.

ప్రశ్న: రెండో పాట 'ఎల్ కాండోర్ పాసా' బాణీ పెరూ దేశపు జానపదమని ఒక చోట, కాదని ఒక చోట చదివాను. ఏది నిజం?
– ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: జానపదం కాదు. దానికి కర్త ఉన్నారు. పెరూ సంగీతకారుడు డానియెల్ అలోమియా రోబ్లెస్ 1913లో ఒక రంగస్థల నాటకం కోసం దీన్ని కూర్చారు. ఆండీస్ కొండల జానపద సంగీతాన్ని సేకరించి, దాని పోకడ బాగా ఎరిగినవారు కావడం వల్ల ఆయన సొంత బాణీ కూడా తరతరాల నుంచి వస్తున్నదేమో అనిపించేలా ఉంటుంది. సైమన్ దాన్ని 1965లో పారిస్‌లో లోస్ ఇంకాస్ అనే బృందం వాయించగా విన్నారు. ఇది పాతకాలపు బాణీ అని ఆ బృందనాయకుడు చెప్పగా నమ్మి, వారి రికార్డింగు మీదనే ఇంగ్లీషు మాటలు రాసి పాడారు. రోబ్లెస్ కుమారుడు, సినిమా దర్శకుడైన అర్మాండో రోబ్లెస్ గొడోయ్ 1970లో దావా వేశారు. ఇందులో దురుద్దేశం లేదని, పొరపాటు మాత్రమేనని ఆయనే చెప్పడంతో వ్యవహారం సామరస్యంగా తీరి, తండ్రి పేరు పాటకు చేరింది. పల్లెపాటను 'సంప్రదాయం' అనే ఒక్క మాటతో సరిపెట్టి కట్టినవారి పేరు వదిలేయడం మనకూ కొత్త కాదు. ఈ కొడుకు పట్టుదల నాకు అందుకే గౌరవంగా తోస్తుంది.

ప్రశ్న: ఆ తర్వాత ఇద్దరూ కలిసి ఒక్క ఆల్బమ్ కూడా చేయలేదా?
– ఒక పాఠకురాలు, డాలస్

జవాబు: కొత్త పాటలతో చేయలేదు. 1975లో ఒక పాట కలిసి పాడారు. 1981 సెప్టెంబరు 19న న్యూయార్క్ సెంట్రల్ పార్క్‌లో ఉచిత కచేరీ చేస్తే సుమారు ఐదు లక్షల మంది వచ్చారని లెక్క వేశారు. ఆ ఊపులో ఒక కొత్త ఆల్బమ్ మొదలుపెట్టి, గార్ఫంకెల్ చాలా భాగం పాడిన తర్వాత, ఇవి మరీ నా సొంత జీవితపు పాటలు అని సైమన్ ఆ గొంతును చెరిపివేసి 1983లో దాన్ని తన ఒక్కరి ఆల్బమ్‌గా విడుదల చేశారు. ఆ వార్త చదివినప్పుడు కలిగిన బాధ నాకు ఇప్పటికీ పోలేదు.

ప్రశ్న: నాకు ఇంగ్లీషు పాటలు కొత్త. ఈ రికార్డులో ఒక్క పాటే వినాలంటే ఏది వినమంటారు?
– ఒక విద్యార్థి, అనంతపురం

జవాబు: రెండో వైపు మూడో పాట, 'ది ఓన్లీ లివింగ్ బాయ్ ఇన్ న్యూయార్క్'. మెక్సికోకు విమానమెక్కుతున్న గార్ఫంకెల్‌ను సైమన్ ఇందులో 'టామ్' అని పిలుస్తారు. పదహారేళ్ల వయసులో పెట్టుకున్న ఆ దొంగపేరు వాళ్లిద్దరికీ బాగా గుర్తు. ఊళ్లో ఒంటరిగా మిగిలినవాడి పాట కాబట్టి సైమన్ ఒక్కరే పాడుతుంటారు. సగం దాటాక వెనక నుంచి ఒక పెద్ద ఆలాపన, గుడి మండపంలో మోగినట్టు, పాట మొత్తాన్ని కమ్ముకుంటుంది. ఏదో బృందగానం అనుకుంటాం. కాని అది సైమన్, గార్ఫంకెల్ ఇద్దరూ ప్రతిధ్వని గదిలో నిలబడి మళ్లీ మళ్లీ పాడి, ఒకదాని మీద ఒకటి పేర్చిన తమ గొంతులే. వీలైతే హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వినండి.