సీటీలో ఫంగస్ అనుమానం అని రాశాక మళ్లీ ఎమ్మారై ఎందుకు?

అమ్మగారికి షుగరు ఉందని, నెల రోజులుగా ఒకవైపు ముక్కే మూసుకుపోతోందని, సీటీ రిపోర్టులో ఫంగల్ ఇన్ఫెక్షన్ కావచ్చని వచ్చిందని రాశారు. ఇప్పుడు డాక్టరు కాంట్రాస్ట్‌తో (బొమ్మ స్పష్టంగా రావడానికి నరంలోకి ఎక్కించే మందుతో) ఎమ్మారై కూడా తీయించమన్నారు, ఒక స్కాన్ చాలదా అని మీ ప్రశ్న. తీయించండి. ఆ రెండు స్కాన్లూ చూసేవి వేరు వేరు. ఈ సంగతి నాకు అనుభవం మీద తెలిసింది. కాకపోతే నా విషయంలో వరుస తారుమారైంది. ముందు ఎమ్మారై తీశారు, అందులో ఫంగస్ దొరకలేదు. తర్వాత సీటీలో దొరికింది.

నాకు వచ్చింది ఎడమ చెంప లోపలి సైనస్‌లో, అంటే ముఖం ఎముక లోపల గాలితో ఉండే గదిలో. ఏడాదికి పైగా ఎడమ ముక్కు నుంచే చిక్కటి చీమిడి, తల వంచితే చెంపలో బరువు, పక్కవాళ్లకి తెలియకుండా నాకొక్కడికే తెలిసే కుళ్లు వాసన. యాంటీబయాటిక్ కోర్సులు మూడు వాడాను. వాడినన్నాళ్లూ కాస్త నయం, ఆపగానే మళ్లీ మొదలు. ఎక్స్‌రే తీస్తే ఆ వైపు మసకగా ఉందన్నారు. ఆ మసక చీము కావచ్చు, వాపు కావచ్చు, గడ్డ కావచ్చు. అంతకు మించి ఎక్స్‌రే ఏమీ చెప్పలేకపోయింది. తలనొప్పి పెరిగేసరికి మెదడుకి ఎమ్మారై తీశారు. మెదడు బాగుందన్నారు. సైనస్ గురించి రిపోర్టు చివర ఒకే ఒక్క వాక్యం, పొర కొద్దిగా మందంగా ఉందని. హమ్మయ్య అనుకుని ఇంకో ఐదు నెలలు ఊరుకున్నాను.

ఆ తర్వాత చూసిన ఈఎన్‌టీ డాక్టరు మొదట అడిగింది, "ఇన్నాళ్లుగా ఒకవైపే ఎందుకు కారుతోంది?" అని. మామూలు సైనస్ బాధ చాలామందిలో రెండు వైపులా ఉంటుంది. ఒకవైపే నెలల తరబడి ఉంటే ఫంగస్, పంటి సమస్య, గడ్డ లాంటివి లేవని తేల్చుకోవాలని చెప్పి, కాంట్రాస్ట్ లేకుండా సైనస్‌ల సీటీ రాశారు. కంప్యూటర్ తెర మీద నాకే చూపించారు. కుడి చెంప గది నల్లగా ఉంది, అంటే లోపల గాలే. ఎడమ గది బూడిదరంగుతో నిండిపోయి, నడిమధ్యన సుద్దపొడి రాలినట్టు తెల్లటి చుక్కలు.

ఆ చుక్కలే అసలు ఆనవాలు. ఫంగస్ ముద్దలో కాల్షియం, ఇనుము, మాంగనీసు లాంటివి పేరుకుంటాయి. సీటీలో అవి తెల్లగా పడతాయి. ఎమ్మారైలో, ముఖ్యంగా టీ2 అనే చిత్రాల్లో, అవే సిగ్నల్‌ని చంపేసి ఆ చోటు నల్లగా కనిపించేలా చేస్తాయి. గాలి కూడా ఎమ్మారైలో నల్లగానే ఉంటుంది. అంటే ఫంగస్‌తో కిక్కిరిసిన గది ఖాళీ గదిలా కనపడుతుందన్నమాట! డాక్టరు నా పాత ఎమ్మారై సీడీ పెట్టి అదే చోటు చూపించారు. నల్లటి గది, దాని చుట్టూ వాచిన పొర సన్నటి తెల్లగీతలా. పక్కనే సీటీలో అదే గది నిండుగా. ఆ రెండు బొమ్మలూ నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టే ఉన్నాయి. ఆ ఎమ్మారై మెదడు కోసం తీసింది, సైనస్ సంగతి చూడమని ఎవరూ అడగలేదు. అందుకే స్కాన్ చీటీ మీద "ఒకవైపే ఇబ్బంది, ఇన్ని రోజులుగా, షుగరు ఉంది" అని తప్పకుండా రాయించండి. సీటీ బొమ్మలు కూడా వెంట తీసుకెళ్లి రేడియాలజిస్ట్‌కి ఇవ్వండి.

నా సీటీలో పై దవడ పన్ను వేరు కొస మీద ఒక చిన్న తెల్లటి ముక్క కూడా కనపడింది. చాలా ఏళ్ల కిందట ఆ పన్నుకి రూట్ కెనాల్ చేయించుకున్నాను. అందులో నింపిన మందు సైనస్‌లోకి చొచ్చుకొస్తే దాని చుట్టూ ఫంగస్ పెరిగే అవకాశం ఉంది. అమ్మగారి పై పళ్లకి ఏదైనా వైద్యం జరిగి ఉంటే అది కూడా డాక్టరుకి చెప్పండి.

ఇక అమ్మగారికి ఎమ్మారై ఎందుకంటే, సైనస్‌లో వచ్చే ఫంగస్ అంతా ఒకే రకం కాదు. నాది ఫంగల్ బాల్. అది గదిలో ఉండలా కూర్చుంటుంది, కణజాలంలోకి చొరబడదు. అలర్జీతో వచ్చే రకంలో సాధారణంగా పాలిప్స్ (ముక్కు లోపలి పొర ఉబ్బి వేలాడే మెత్తటి బుడిపెలు) ఉంటాయి, చాలా గదులు నిండి ఎముక ఉబ్బి పలచబడుతుంది. భయపడాల్సింది మూడోదానికి, మ్యూకర్ లాంటి ఫంగస్ కణజాలంలోకి పాకే రకానికి. షుగరు అదుపులో లేనివాళ్లకి, స్టెరాయిడ్లు ఎక్కువగా వాడేవాళ్లకి, రోగనిరోధక శక్తి తగ్గినవాళ్లకి ఆ ప్రమాదం ఎక్కువ. అది రక్తనాళాల వెంబడి పాకుతుంది కాబట్టి మొదటి రోజుల్లో ఎముక చెక్కుచెదరకుండానే ఉండొచ్చు. "ఎముక బాగానే ఉంది" అన్న సీటీ మాట విని నిశ్చింతగా ఉండకూడదు. సీటీలో సైనస్ గోడ బయటి కొవ్వు చెదిరిందా అని కూడా చూస్తారు. కాంట్రాస్ట్ ఇచ్చి ఎమ్మారై తీస్తే రక్తం అందుతున్న భాగం వెలుగుతుంది, రక్తనాళాలు మూసుకుపోయి చచ్చుబడిన భాగం నల్లగా మిగిలిపోతుంది. కంటిలోకి, కంటి వెనక నరాల దగ్గరికి, మెదడు పొరల్లోకి పాకిందా అన్నది కూడా సీటీ కంటే ఎమ్మారైలోనే బాగా తెలుస్తుంది. షుగరు ఉంది కాబట్టి కాంట్రాస్ట్‌కి ముందు కిడ్నీల పనితీరు చూసే క్రియాటినిన్ పరీక్ష అడుగుతారు. ముందే చేయించి పెట్టుకుంటే ఆ రోజు ఆలస్యం కాదు.

ఒక్క మాట మాత్రం గట్టిగా చెప్పాలి. ఎన్ని స్కాన్లు తీసినా అవి అనుమానాన్ని బలపరుస్తాయి, ఎంతవరకు పాకిందో చెబుతాయి, అంతే. ఫంగస్ అని ఖాయం చేసేది లోపలి నుంచి తీసిన ముక్కే. నాకు ఎండోస్కోపీ ఆపరేషన్‌లో తడిమట్టి లాంటి ఆకుపచ్చ, గోధుమరంగు ముద్ద తీసి ల్యాబుకి పంపారు. ఫంగస్ పోగులు ఉన్నాయి, కణజాలంలోకి చొరబడలేదు అని వచ్చింది. ఆ రెండో మాట వల్లే నాకు ఫంగస్ మందులేవీ అవసరం పడలేదు, గది శుభ్రం చేయడంతో సరిపోయింది. పాకే రకమైతే అలా కుదరదు. చచ్చుబడిన భాగాన్ని తీసేయాలి, ఆంఫోటెరిసిన్ లాంటి ఫంగస్ మందు వెంటనే మొదలుపెట్టాలి. అందుకే డాక్టరు బయాప్సీ (ముక్క తీసి పరీక్షించడం) మాట ఎత్తితే వాయిదా వేయకండి.

అమ్మగారి చెంపలు రెండు వైపులా వేలితో తాకి, స్పర్శ ఒకేలా తెలుస్తోందా అని ఇప్పుడే అడగండి. ఒకవైపు మొద్దుబారినా, కంటి చుట్టూ వాచినా, ఒకటి రెండుగా కనపడినా, చూపు తగ్గినా, ముక్కులో గానీ అంగిట్లో గానీ నల్లటి మచ్చ కనిపించినా ఎమ్మారై తేదీ కోసం ఆగొద్దు. రాత్రయినా సరే, ఈఎన్‌టీ డాక్టర్లు ఉన్న పెద్దాసుపత్రి ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి.