పాల ప్యాకెట్ పతంగి ఎందుకు లేవలేదు?

ప్రశ్న: టీచర్‌గారూ, మా బాబుకు 7 ఏళ్ళు. మేం అయిదో అంతస్తులో ఉంటాం. పిట్టగోడ పొట్టిది కాబట్టి డాబా మీదికి పంపను. వానలకు బడి లేక, నాలుగు పాల ప్యాకెట్లు కడిగి అతికించి, చీపురు పుల్లలు కట్టి గాలిపటం చేశాడు. ఫ్యాన్ కింద పెడితే నేల మీదే దొర్లింది. దారం పట్టుకుని హాల్లో పరుగెత్తితే రెండడుగులు లేచి పడింది. ఆ పరుగులో సోఫా తగిలి, ఊగుతున్న పాలపన్ను కాస్తా ఊడింది. ఇంట్లో ఎగిరే గాలిపటం అసలు ఉంటుందా?
– ఒక తల్లి, కూకట్‌పల్లి, హైదరాబాద్

జవాబు: ఉంటుందమ్మా. రెండడుగులు లేచిందంటే మీవాడి చేతిలో పని ఉంది. తప్పు పాల ప్యాకెట్‌ది.

మీ ఉత్తరం చూశాక నేనూ రెండు చేశాను. ఒకటి మీవాడిలాగే పాల ప్యాకెట్లతో, రెండోది బ్రెడ్ కవర్‌తో. రెండూ 30 సెంటీమీటర్ల చదరాలే. వంటింటి తూకం గ్రాముల దగ్గర నమ్మకంగా చూపించదు. అందుకని మా వీధి చివర బంగారం కొట్టుకు పట్టుకెళ్ళాను. కొట్టతను ఒకప్పుడు నా దగ్గర డ్రాయింగ్ నేర్చుకున్నవాడే. “ఏంటి టీచర్, గాలిపటం కుదువ పెడతారా?” అని నవ్వుతూనే తూచాడు. పాల ప్యాకెట్‌ది 8 గ్రాములు దాటింది. బ్రెడ్ కవర్‌ది 4 గ్రాముల లోపే.

మీ హాల్లో జరిగిందంతా ఈ నాలుగు గ్రాముల గొడవే. బయటైతే గాలి వచ్చి పటాన్ని తాకుతుంది, ఇంట్లో పటమే వెళ్ళి గాలిని తాకాలి. పటానికి ఆ తేడా తెలియదు, మన కాళ్ళకు మాత్రం తెలుస్తుంది. మనం రెండింతల వేగంతో కదిలితే పటాన్ని లేపే బలం నాలుగింతలవుతుంది. అందుకే మీవాడు పరుగెత్తినంతసేపూ ఆ బరువు పటం కూడా లేచింది. కానీ హాల్లో ఎంతసేపని పరుగెత్తుతాడు? బరువు సగానికి తగ్గిస్తే మామూలు నడక చాలు.

ఫ్యాన్ సంగతి మరచిపోండి. దాని గాలి కిందికి కొట్టి, నేలకు తగిలి, నాలుగు గోడలకూ చెదిరిపోతుంది. పైగా దారం రెక్కలకు చుట్టుకుంటుంది. స్విచ్ ఆపేశాకే పటం బయటికి తీయాలని ముందే చెప్పండి.

ఇక తయారీ. పెద్ద బ్రెడ్ కవర్ తీసుకుని, లోపలి పొడి దులిపి, అడుగు అతుకూ పక్క అతుకూ కత్తిరించి పరవండి. ఈ పని మీరే, వెంటనే చేయండి. సంచిలా ఉన్న పల్చటి కవర్‌ను పిల్లలు తలకు తొడుక్కుంటే ప్రమాదం. అందులోంచి 30 సెంటీమీటర్ల చదరం తీయండి. కూరగాయల కొట్టువాళ్ళ క్యారీబ్యాగ్ వాడొచ్చుగా అని మా మనవరాలు అడిగింది. 120 మైక్రాన్ల లోపు మందం ఉన్న క్యారీబ్యాగులను 2022 డిసెంబర్ 31 నుంచి నిషేధించారు కదా. రూలు ప్రకారం ఇచ్చే కవరైతే మన పనికి మరీ మందం.

పుల్లల దగ్గరే చాలామంది పొరపాటు చేస్తారు. కొబ్బరి ఈనె మొదలు దగ్గర లావు, కొస దగ్గర సన్నం. లావు ముక్క గట్టిదని పిల్లలు దాన్నే ఎంచుకుంటారు. నా పాల ప్యాకెట్ పటానికి నేనూ కావాలనే లావువి పెట్టి చూశాను, దాదాపు 3 గ్రాములు పుల్లలే తినేశాయి! కొస వైపువి తీసుకోండి. కొత్త చీపురులోవైతే వంచినా విరగవు. ఒకటి పై మూల నుంచి కింది మూలకు నిలువుగా, 42 సెంటీమీటర్లు. రెండోది దానికంటే నాలుగు వేళ్ళు పొడుగు. దాన్ని విల్లులా వంచి, రెండు చివర్లూ పక్క మూలలకు అతికించండి. విల్లు నడుము పై మూల వైపు ఉండాలి.

మైదా జిగురు, ఫెవికాల్ ఈ కవర్‌కు పట్టవు, ఆరాక పెచ్చులా ఊడొస్తాయి. సెల్లోటేపే గతి. కానీ వెడల్పు టేపును చించి పరపరా అంటించేస్తే మిగిల్చిన బరువంతా మళ్ళీ ఎక్కించినట్టే. అగ్గిపుల్ల వెడల్పున కత్తిరించి అయిదారు చోట్ల అంటిస్తే చాలు. మిగిలిన కవర్‌లోంచి వేలెడు వెడల్పున మీటరు పొడుగు తోక తీసి కింది మూలకు పెట్టండి. తోక లేకపోతే గిరగిరా తిరుగుతుంది.

సూత్రం, అంటే ఎగరేసే దారం తగిలించడానికి పటానికి కట్టే జంట దారం, కుట్టుమిషన్ దారంతోనే కట్టండి, మాంజా ఊసే వద్దు. పుల్లలు కలిసే చోట ఒక ముడి, నిలువు పుల్ల మీద కింది మూలకు జానెడు పైన ఇంకో ముడి. కింది దారం పైదానికంటే వేలెడు పొడుగుండాలి. పటం గోడలా నిలబడి వెనకాలే ఈడ్చుకుంటూ వస్తుంటే పై దారాన్ని కాస్త పొట్టి చేయండి. ముక్కు ముందుకు వాల్చి, లాగుడు లేకుండా అల్లాడుతుంటే పై దారాన్ని పొడుగు చేయండి. నాకు మూడోసారికి కుదిరింది.

ఎగరేసే దారం 5 అడుగులు మించొద్దు. వెనక్కి నడిస్తే మీ హాల్లో ఆరడుగులకే గోడ వస్తుంది, మళ్ళీ సోఫా గొడవ. అందుకని దారాన్ని రెండడుగుల కర్రకు కట్టి, వాణ్ణి హాలు మధ్యలో నిలబెట్టి, ఉన్నచోటే మెల్లగా గుండ్రంగా తిరగమనండి. పటం చుట్టూ తిరుగుతుంది. కళ్ళు తిరిగితే ఆగిపోవాలి. మా మనవరాలు మొదటిరోజు పదకొండు చుట్లు తిప్పి సోఫాలో కూలబడింది. పటం మాత్రం తాపీగా దిగి దాని ఒళ్ళోనే వాలింది.

ప్రశ్న: చిప్స్ ప్యాకెట్‌లో వెండిలా మెరిసే వైపు బయటికి పెట్టి చేయొచ్చా?
– ఏడో తరగతి విద్యార్థి, విజయనగరం

జవాబు: చూడ్డానికి బాగుంటుంది నాన్నా, కానీ అది పొరల మీద పొరలు అతికించిన కాగితం లాంటిది. బిరుసు ఎక్కువ, ఒకసారి పడ్డ ముడత పోదు. లోపలి నూనెకు టేపు అంటదు, గిన్నెల సబ్బుతో కడిగి ఆరబెట్టాలి. ఆ మెరుపు అల్యూమినియం పూత, కాబట్టి దానితో చేసింది కరెంటు తీగలున్న చోట బయట ఎగరెయ్యకు. నన్నడిగితే పటం బ్రెడ్ కవర్‌తో చేసి, చిప్స్ ప్యాకెట్‌లోంచి సన్నటి పోగు ఒక్కటి తీసి తోక చివర అంటించు. ట్యూబ్‌లైట్ కింద తళుక్కుమంటుంది.