అల్మెంద్ర కనబడితే

చి. అమ్మడూ,

స్పానిష్ కథలు తెలుగులోకి తెస్తున్నావని మీ అమ్మ చెప్పింది. చాలా సంతోషం తల్లీ. నువ్వు అడిగిన 'అల్మెంద్ర' గురించే ఈ ఉత్తరం.

నిఘంటువు తీయగానే బాదం అని కనబడుతుంది. అక్కడితో ఆగకు. కథ ఏ ఊళ్లో జరుగుతోందో ముందు చూడు. స్పెయిన్‌లో ఫిబ్రవరిలో ఆకుల కంటే ముందే తెల్లగా, లేత గులాబీగా పూసే చెట్టైతే, అది మనం నానబెట్టి తొక్క తీసుకు తినే బాదం. అదే ప్యూర్టోరికో సముద్రం ఒడ్డున జనం నీడకు కూర్చున్న చెట్టైతే, దాదాపుగా అది మన కోస్తాలో ఇళ్ల ముందుండే నాటు బాదమే. వెడల్పాటి ఆకులు, రాలే ముందు ఎర్రబడతాయి. జమైకా వాళ్లు ఇంగ్లీషులోనూ దాన్ని ఆల్మండ్ అనే అంటారు. అక్కడ 'బాదం చెట్టు' అని రాస్తే చాలు, మన పాఠకుల కళ్లముందు సరైన చెట్టే నిలబడుతుంది. నిజానికి స్పెయిన్ చెట్టుతోనే ఇబ్బంది. దాని పూత గురించి ఒక్క మాట కలపకపోతే చదివేవాళ్లు నాటు బాదాన్నే ఊహించుకుంటారు.

స్పానిష్‌లో టెంక లోపలి పప్పు ఏదైనా అల్మెంద్రే. షాండ్లియర్‌కి వేలాడే గాజు బిళ్ల కూడా. మాడ్రిడ్ కథలో 'అల్మెంద్ర సెంత్రాల్' వస్తే, ఎం-30 రింగు రోడ్డు లోపలున్న నగరమని అర్థం. మ్యాప్‌లో అది బాదం గింజ ఆకారంలో కనబడుతుంది. ఇంగ్లీషు ఆల్మండ్‌కి ఇన్ని అర్థాలు లేవు కాబట్టి, ఇంగ్లీషు అనువాదం పక్కన పెట్టుకుని పని చేయకు.

బాదం కళ్లంటే రెండు భాషల్లోనూ ఆకారమే. 'కోల కళ్లు' అని రాయి. 'చారడేసి కళ్లు' వద్దు, అది సైజు సంగతి.

'అమీగ్దలాస్' అన్న మాట కూడా గ్రీకు బాదం నుంచే వచ్చింది. పిల్లాడికి అవి తీసేశారంటే టాన్సిల్స్ తీశారని. ఇంగ్లీషు అమిగ్డలా మెదడులోది. అది చూసి టెన్షన్ పడకు.

'లెచె దె అల్మెంద్రాస్' దగ్గర మాత్రం చాలా జాగ్రత్త. అందులో చుక్క పాలుండవు, పప్పు నీళ్లతో రుబ్బి వడకట్టిందే. మన బాదం పాలంటే ఆవు పాలో గేదె పాలో ఉండాల్సిందే కదా! పాలు పడని మనిషి అది తాగే సన్నివేశంలో 'బాదం పాలు' అని రాశావో, కథే తిరగబడుతుంది. 'బాదం పప్పు రుబ్బి తీసిన పాలు' అని రాయి, పొడవైనా ఫర్వాలేదు.

మొదటి కథ పూర్తవగానే స్పానిష్ ప్రతితో కలిపి పంపు.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ